హైదరాబాద్ నుంచి ఒహాయోకి నాటు విత్తనాలు: ఏవి తీసుకెళ్తున్నాను, ఏవి వదిలేస్తున్నాను

నమస్కారం అండి. ఇది సైనిక్‌పురిలో మా అమ్మ వాళ్ళ మిద్దె. నా తోట వీడియోల కింద ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒక్కటే: గింజలు ఎక్కడివి? మా చిన్నత్తయ్య అయితే ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది. ఈసారి సంక్రాంతి తర్వాత సెలవు పెట్టుకున్నది అందుకే. చిక్కుడు ముదిరి, బంతి ఎండి, గింజ చేతికి వచ్చే కాలం ఇది.

ముందు అమెరికా సంగతి చెప్తాను. తరాలుగా గింజ కట్టుకుంటూ వచ్చిన రకాలను అక్కడ హెర్లూమ్ అంటారు. చలికాలంలో వాటి క్యాటలాగులు ఇంటికి వస్తాయి. పొట్లం 4 డాలర్లు, మన డబ్బులో 350 రూపాయల పైనే. కొన్ని రకాలకు లోపల పాతిక గింజలే ఉంటాయి. అయినా జనం ప్రేమగా కొంటారు. ఆయోవా రాష్ట్రంలో డెకోరా అనే చిన్న ఊరిలో సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ ఉంది. డయాన్, కెంట్ వీలీ దంపతులు 1975లో మొదలుపెట్టారు. డయాన్ తాతగారు ఇచ్చిన ఊదారంగు మార్నింగ్ గ్లోరీ తీగ, గులాబీరంగు టమాటా, ఈ రెండింటి గింజలే వాళ్ళ మూలధనం. ఆ ఇంటి పెద్దలు బవేరియా నుంచి వలస వస్తూ తెచ్చుకున్న గింజలవి. ఆ కథ చదివిన రోజు నాకు ఏ పనీ తోచలేదు. ఊరు విడిచేటప్పుడు కొంగున గింజలు ముడి వేసుకోవడం మన ఆడవాళ్ళకే ఉన్న అలవాటు అనుకునేదాన్ని.

ఇక రూల్స్. గింజలు అమెరికాకు తీసుకెళ్ళాలంటే అక్కడి వ్యవసాయ శాఖ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. కొద్దిపాటి గింజలకు ఇచ్చే అనుమతి అయితే ఒక్కో పొట్లంలో 50 గింజలు, లేదా 10 గ్రాములు మించకూడదు. పొట్లం మీద శాస్త్రీయ నామం, ఏ దేశానిదో రాయాలి. పురుగుమందు పూసి ఉండకూడదు. కాబట్టి దుకాణాల్లో దొరికే గులాబీరంగు పూత గింజలు పనికిరావు. మట్టి, ఆకు, పొట్టు, ఏదీ కనబడకూడదు. దిగగానే విమానాశ్రయంలో చెప్పి చూపించాలి. టమాటా, మిరప గింజలకు వైరస్ భయం వల్ల ఇంకా కఠినమైన షరతులు ఉన్నాయి, వాటి జోలికి నేను పోవడం లేదు. తూటికూర అయితే అక్కడ నిషేధిత కలుపు, తలపెట్టనే వద్దు.

అమ్మ ఏమో బీర గింజలను బూడిదలో పొర్లించి, డబ్బాలో వేపాకు వేసి దాస్తుంది. పురుగు పట్టకుండా అదే పద్ధతి. ఇప్పుడు ఆ వేపాకంతా ఏరి, బూడిద పోయేదాకా పాత నూలు చీర ముక్కతో ఒక్కో గింజనూ తుడిచాం. చూడండి, తుడిచాక బీర గింజ ఎంత నల్లగా, గరుకుగా ఉందో. 50 లెక్కపెట్టి పక్కన పెడితే అమ్మ ఇంకో పిడికెడు అందులో వేసింది. “అంత దూరం తీసుకెళ్తూ యాభై గింజలేమిటే?” అంటుంది. మళ్ళీ తీసి లెక్కపెట్టాను.

అసలు చెప్పాలనుకున్నది చిక్కుడు గురించి. ఒహాయోలో మేముండే కొలంబస్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే బాధ. ఇక్కడి నుంచి తెచ్చిన పాదు చిక్కుడు జూన్, జూలైలలో కంచె నిండా అల్లుకుంటుంది, ఒక్క పువ్వు ఉండదు. ఎరువు తక్కువైందని కొందరు, నీళ్ళు ఎక్కువయ్యాయని కొందరు. కారణం పగటి పొడవు. మన పాత చిక్కుడు పగలు తగ్గితేనే పూత పడుతుంది. హైదరాబాద్‌లో జూన్‌లో కూడా పగలు 13 గంటలు దాటి ఎంతో ఉండదు, కొలంబస్‌లో 15 గంటలు. అక్కడ పగలు 12 గంటలకు దిగేది సెప్టెంబరు చివర. అప్పుడు పూత మొదలవుతుంది. అక్టోబరు మధ్యలో మంచు గడ్డకట్టే రాత్రి ఒకటి వస్తుంది. తెల్లవారి చూస్తే పూతతో సహా తీగంతా నల్లబడి వేలాడుతుంటుంది.

అందుకే ఈసారి పక్కింటి పిన్నిగారి దగ్గర అర్క జయ్ తీసుకున్నాను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ తయారుచేసిన గుబురు చిక్కుడు. పగటి పొడవుతో దీనికి పని లేదు. తాతల నాటిది కాదు, కానీ సంకరజాతి కూడా కాదు కనుక గింజ కట్టుకుంటే మళ్ళీ అదే చిక్కుడు వస్తుంది. నాకు అది ముఖ్యం. గింజ కట్టనివ్వని రకం ఎంత కాసినా ఏటేటా కొనుక్కోవలసిందే.

ఇంకో విడ్డూరం చెప్పనా? వర్జీనియాలో అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిసెల్లో ఉంది కదా, ఆ తోటలో పందిరి మీద పెంచేది మన చిక్కుడే. ఊదా కాయల రకం, వేసవిలోనే పూస్తుంది. పూల కోసమే పెంచుతారు, వండుకోరు. ఎండు గింజలను ఉడికించకుండా తింటే ప్రమాదమన్న మాట నిజమే. కానీ అంత లేత కాయలు పందిరి మీదే ముదిరిపోతుంటే నాకు మనసొప్పదు.

గోంగూరది తిరకాసు. పగలు ఎక్కువ ఉన్నన్నాళ్ళూ పూతకు రాదు కనుక ఒహాయోలో వేసవి అంతా ఆకే ఆకు. ఇండియన్ స్టోరులో చిన్న కట్ట 3 డాలర్లు, 260 రూపాయల పైనే. మా పెరట్లో నాలుగు మొక్కలుంటే పచ్చడికి లోటుండదు. కానీ చలిలోపు గింజ ముదరదు. కాబట్టి గోంగూర గింజ మాత్రం ఎప్పటికీ ఇక్కడి నుంచి వెళ్ళవలసిందే.

ఇంతలో పెదనాన్నగారింట్లో వ్రతమని, పూలు తెమ్మని అమ్మ నన్ను గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపింది. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు! సగం రోజు ట్రాఫిక్‌లోనే పోయింది, వీడియో అంతా ఆటో చప్పుడు. కానీ బంతి రాశుల మధ్య నిలబడితే తిరిగి రావాలనిపించలేదు. అక్కడి పూలనే ఎండబెట్టి గింజ తీయమని చాలామంది అడుగుతారు. ఆ పెద్ద పెద్ద పూలలో చాలావరకు సంకరజాతివి, వాటి గింజకు వచ్చే పూలు ఒకలా ఉండవు. నేను తీసింది అమ్మ కుండీలోని రేకబంతి. ఎండిన పువ్వును రెండుగా చీలిస్తే సగం నలుపు, సగం గోధుమరంగు పుల్లల్లా జారిపడతాయి. మెక్సికో నుంచి మన గుమ్మాలకు వచ్చిన పువ్వు ఇది, ఇప్పుడు మళ్ళీ ఆ ఖండానికే వెళ్తోంది.

చివరిది గునుగు. ఇక్కడ చేలగట్ల మీద దానంతటదే మొలుస్తుంది. అక్కడ ఇదే జాతిని అలంకారపు మొక్కగా డాలర్లు పోసి కొంటారు. కొలంబస్‌లో మా బతుకమ్మకు స్టోరులో దొరికిన పూలే పేరుస్తున్నాం. మా అమ్మాయి గునుగును ఫోటోల్లో తప్ప చూడలేదు. మామయ్య చేను నుంచి వచ్చిన ఎండు కంకులను అరచేతిలో నలిపి ఊదితే ఆవగింజ కన్నా చిన్నవి, మెరిసే నల్లటి గింజలు మిగిలాయి. 10 గ్రాములంటే వీటిలో వేలు వస్తాయి, కానీ ఆ 50 లెక్కే నమ్ముకుని పొట్లం కట్టాను.

అమ్మ పాదు చిక్కుడు కూడా కొన్ని గింజలు పెట్టుకున్నాను. కాయకపోయినా ఆ తీగ మా కంచె మీద ఉండాలి. కొలంబస్‌లో మే రెండో వారం దాకా చలి వదలదు కనుక ఏప్రిల్‌లో ఇంట్లోనే కిటికీ దగ్గర నారు పోస్తాను. గునుగు ముందు వేయాలి, బతుకమ్మ నాటికి కంకులు తేలాలంటే. నారు మొలిచాక తీసే వీడియోలో ఏ పొట్లం ఎంత మొలిచిందో ఒక్కొక్కటిగా చూపిస్తాను. చిన్నత్తయ్యా, మీ బీర గింజలు అమ్మ దగ్గర ఉంచాను, బూడిదతో సహా.