ఇరొక్వాలు ఫ్రెంచివారి పక్షాన ఉండి ఉంటే?

1609 జూలై 30న ఉత్తర అమెరికాలో, ఇప్పటి షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఫ్రెంచి అన్వేషకుడు సామ్యూల్ ద షాంప్లేన్ తుపాకీలో నాలుగు గుళ్లు దట్టించి పేల్చాడు. ఇరొక్వా అనే స్థానిక తెగల కూటమిలో ఒకటైన మోహాక్ తెగ నాయకులు ఇద్దరు కూలారు. ప్రత్యామ్నాయ చరిత్ర అల్లేవాళ్లు తరచూ ఇక్కడే మొదలుపెడతారు. ఆ తుపాకీ పేలకపోతే ఇరొక్వాలు ఫ్రెంచివారితో కలిసేవారని, కెనడా ఇంగ్లీషువారి పరమయ్యేది కాదని. ఈ మలుపు నిలవదు.

ఆరోజు షాంప్లేన్ వెంట ఉన్న ఫ్రెంచివాళ్లు ఇద్దరే. మిగతా అరవైమందీ ఇరొక్వాల శత్రు తెగలైన హ్యూరాన్, అల్గాంక్విన్, మాంటన్యే యోధులు. మీ యుద్ధానికి నేను రానంటే వాళ్లు ఫ్రెంచివారికి అమ్మడానికి చర్మాలు తెచ్చేవారా? యూరప్ టోపీలకు బీవర్ అనే నీటి జంతువు దట్టమైన బొచ్చు కావాలి. అది చలి ఎక్కువున్న ఉత్తరాన దొరుకుతుంది. ఇరొక్వాల ఊళ్లేమో దక్షిణాన. పైగా అదే సెప్టెంబరులో హెన్రీ హడ్సన్ డచ్చి ఓడలో ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ ప్రాంతం దాకా వచ్చాడు. 1624కల్లా అక్కడ డచ్చివారి వర్తక కోట ఫోర్ట్ ఆరెంజ్ లేచింది. మోహాక్‌ల గుమ్మంలో ఎలాగూ వేరే అంగడి తెరుచుకునేదే.

కథలో మార్చాల్సింది సరుకు ధర. తర్వాత ఇంగ్లీషువారి చేతికొచ్చిన ఆల్బనీలో బీవర్‌కు ఎక్కువ ఇచ్చేవారు, ‘స్ట్రౌడ్’ అనే ఇంగ్లీషు ఉన్ని గుడ్డ చవకగా దొరికేది. ఫ్రెంచి పట్టణమైన మాంట్రియల్ వర్తకులే కానవాగే అనే ఊరి మోహాక్‌ల చేత దొంగచాటుగా చర్మాలు అటు పంపి, ఆ గుడ్డ తెప్పించుకునేవారు! పారిస్ ఆ గుడ్డకు దీటైనది నేయించి, అదే ధరకు అమ్మించగలిగిందా లేదా అన్నది రాసేవాళ్లు ముందు తేల్చుకోవాలి.

మాంట్రియల్ పక్కనున్న ఆ కానవాగే క్రైస్తవ మోహాక్‌లే అసలు చరిత్రలో ఫ్రెంచి-ఇరొక్వా పొత్తుకు నమూనా. దాని హద్దు కూడా అక్కడే కనిపిస్తుంది. 1755లో లేక్ జార్జ్ దగ్గర ఇంగ్లీషు శిబిరం మీద పడమని ఫ్రెంచివారంటే వాళ్లు వెనుకాడారు. అవతల ఇంగ్లీషువారి పక్షాన ఉన్నది వాళ్ల మోహాక్ చుట్టాలే.

అందుకే మార్చదగ్గ ఏడాది 1701 అంటాను. ఆ ఆగస్టులో మాంట్రియల్‌లో దాదాపు 1300 మంది ప్రతినిధుల ఎదుట ఇరొక్వాలు ఫ్రెంచి-ఇంగ్లీషు యుద్ధాల్లో తటస్థంగా ఉంటామని ఒప్పుకున్నారు. ఆ మాట చివరిదాకా నిలిచిందనుకోండి, 1759లో ఫ్రెంచివారి నయాగరా కోట ముందు ఇంగ్లీషువారి వెంట సుమారు 900 మంది ఇరొక్వాలు ఉండరు. కోట ఇంకొన్నాళ్లు నిలిచేది. కాని ఆ జూన్‌లో ఫ్రెంచి కెనడా రాజధాని క్వెబెక్ మీదికి ఇంగ్లీషు సేనాని వుల్ఫ్ వచ్చింది సముద్రం మీంచి. ఆ నౌకలను ఇరొక్వాలు ఆపలేరు.