చారలు పడకుండా కిటికీ అద్దాలు తుడవడం ఎలా?

(దృశ్యం: ఎండ పడుతున్న కిటికీ. అద్దం నిండా వంకర టింకర చారలు.)

తడిగా ఉన్నంతసేపూ అద్దం తళతళలాడుతుంది. ఆరాక చూస్తే ఇదిగో, ఇలా! మళ్లీ స్ప్రే కొడతాం, మళ్లీ తుడుస్తాం. చారలు పోవు, కాస్త పక్కకి జరుగుతాయంతే. ఇంకా గట్టిగా రుద్దితే పోతాయేమో అనిపిస్తుంది గానీ, బలానికీ దీనికీ సంబంధం లేదు.

(దగ్గరి షాట్: గాజు పలక మీద ఒక నీటి బొట్టు. మెల్లగా ఆరుతోంది.)

ఈ బొట్టు మామూలు కుళాయి నీళ్లే. ముట్టుకోకుండా వదిలేశాం. నీరు ఆవిరైపోయింది, అంచు చుట్టూ తెల్లటి వలయం మిగిలింది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. వాటికి సబ్బు, దుమ్ము తోడైతే చార తయారు. అంటే నీళ్లు అద్దం మీద ఆరిపోయేలోపే మనం వాటిని కిందికి లాగేయాలి. అసలు కిటుకు ఇదొక్కటే.

అందుకే ఎండ నేరుగా పడుతున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. అద్దం వేడెక్కి ఉంటుంది, మీ చెయ్యి కదిలేలోపే నీళ్లు ఆరిపోతాయి. పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ మొదలుపెట్టండి. మబ్బుగా ఉంటే మరీ మంచిది.

(దృశ్యం: పొడి బ్రష్‌తో ఫ్రేమ్, మెష్, స్లైడింగ్ పట్టాలు దులపడం.)

ముందు పొడి దుమ్ము దులిపేయండి. పట్టాల్లో పేరుకున్న మట్టిని వదిలేస్తే, నీళ్లు తగలగానే బురదై అద్దం మీదికి ఎక్కుతుంది.

ఇప్పుడు సబ్బు నీళ్లు. సగం బకెట్ నీళ్లకి గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు చాలు. చుక్కలే సుమా, మూతలతో కాదు! నురగ బాగా వస్తేనే శుభ్రమవుతుందన్న నమ్మకం మనల్ని వదలదు. అద్దానికి మాత్రం ఆ నురగే చేటు, ఎక్కువైన సబ్బంతా అక్కడే పొరలా మిగిలిపోతుంది.

(దగ్గరి షాట్: తడి అద్దం పైఅంచు. రబ్బరు వైపర్ పట్టుకున్న చెయ్యి.)

స్పాంజితో అద్దమంతా తడిపి, మూలల దాకా రుద్దండి. తర్వాత వైపర్ తీసుకోండి. నేల తుడిచేది కాదు, అద్దాల కోసం సన్నటి రబ్బరు అంచుతో వచ్చే చిన్నది. ఇక్కడ తొందరపడకుండా చూడండి.

అద్దం పైఅంచున రెండు వేళ్ల వెడల్పు పట్టీని పొడి బట్టతో తుడిచాం. రబ్బరును ఆ పొడి చోట ఆనించి, అక్కడి నుంచి కిందికి ఒకే లాగుడు. మధ్యలో ఆగితే, ఆగిన చోట అడ్డగీత పడుతుంది. కిందికి వచ్చాక రబ్బరు అంచును బట్టతో తుడిచి, అప్పుడు రెండో లాగుడు. ఇది మొదటి దారి మీదికి ఒక అంగుళం ఎక్కాలి, లేదంటే మధ్యలో సన్నటి నీటి గీత మిగిలిపోతుంది. చాలామంది రబ్బరు తుడవడం మానేస్తారు. అప్పుడు ఇందాక లాగిన మురికి నీళ్లనే మళ్లీ అద్దానికి పూసినట్టవుతుంది.

రబ్బరు కిర్రుమంటూ ఎగిరెగిరి పడుతోందా? అద్దం ఆరిపోతోందన్నమాట. మళ్లీ తడపండి.

చివర్లో అంచుల దగ్గర తడిని పొడి మైక్రోఫైబర్ బట్టతో అద్దితే సరిపోతుంది. ఈ బట్టను ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి. అది బట్టకు పట్టుకుని, అక్కడి నుంచి అద్దానికి అంటుకుంటుంది. వైపర్ లేకపోతే రెండు బట్టలు పెట్టుకోండి, ఒకటి తడిది, ఒకటి పూర్తిగా పొడిది. పాత న్యూస్‌పేపర్ కూడా పనిచేస్తుంది గానీ, దాని సిరా తెల్ల ఫ్రేమ్‌కి అంటితే అదో పని.

(దృశ్యం: అద్దానికి లోపల అడ్డంగా, బయట నిలువుగా కదులుతున్న చేతులు.)

లోపలి వైపు బట్టతో తుడిచేటప్పుడు అడ్డంగా తుడవండి, బయటి వైపు నిలువుగా. ఆరాక చార కనిపిస్తే, దాని దిక్కును బట్టి అది ఏ వైపుదో ఇట్టే తెలిసిపోతుంది. పై అంతస్తుల్లో బయటికి వంగి తుడిచే సాహసం మాత్రం వద్దు, పొడవాటి కర్ర ఉన్న వైపర్ వాడండి.

నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే తెల్లటి మచ్చలు సబ్బుకి లొంగవు. అక్కడ వెనిగర్ కావాలి. అందులో 5 శాతం దాకా ఉండే ఎసిటిక్ యాసిడ్ ఆ సున్నపు పొరను కరిగిస్తుంది. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి బట్టను తడిపి, మచ్చ మీద పది నిమిషాలు ఉంచండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, వెంటనే వైపర్ లాగండి. కింద పాలరాతి గట్టు ఉంటే మీద పడనివ్వకండి, రాయి మెరుపు పోతుంది. అందులో వంటసోడా కలపమనే చిట్కాలు బోలెడు కనిపిస్తాయి. కలిపితే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, బుడగలు తప్ప ఒరిగేదేమీ లేదు. బ్లీచ్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు క్లోరిన్ వస్తుంది.

(దగ్గరి షాట్: వెనిగర్ పెట్టినా మిగిలిపోయిన మసక మచ్చ.)

ఇంత చేసినా ఆ మచ్చ కదలకపోతే, గోరుతో తడిమి చూడండి. పైన ఏమీ తగలకుండా నున్నగా ఉండి, అయినా మసకగా కనిపిస్తోందంటే గాజే దెబ్బతిని ఉండొచ్చు. అది తుడిస్తే పోదు. పాలిష్ పట్టించడమో, అద్దం మార్చడమో చేయాల్సిందే.