లండన్ వ్లాగ్: అమరావతి రాళ్ళ కోసం బయల్దేరితే బుచి ఎమెచెటా గుర్తొచ్చింది

అందరికీ నమస్కారం. ఈరోజు బుధవారం, ఇక్కడ టైమ్ తొమ్మిదింపావు. బాబుని స్కూల్లో, పాపని నర్సరీలో దింపేసి బస్ స్టాపులో నిలబడి ఈ వీడియో మొదలుపెట్టాను. వాన లేదు గానీ గాలి చెవులు కోసేస్తోంది, మైక్‌లో హోరు వినిపిస్తే అది గాలే.

పాప నర్సరీ వారానికి ఒక్కరోజే, అదీ బుధవారం. ఎందుకు ఒక్కరోజే అని మా అత్తయ్యగారు ప్రతిసారీ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, రోజుకి 85 పౌండ్లండీ. నేను పౌండుకి 115 రూపాయలు లెక్కేసుకుంటాను, అంటే 9,775 రూపాయలు. ఒక్క రోజుకి! అందుకని ఈ బుధవారం నాకు బంగారం లాంటిది, ఇంట్లో కూర్చుని బట్టలు మడతపెడుతూ గడిపేయడానికి మనసొప్పదు.

ఇవాళ్టి పని మా నాన్న చెప్పింది. ఆయన తెనాలిలో ఉంటారు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్ళు ఉన్నాయని ఎక్కడో చదివి, "మూడేళ్ళుగా అక్కడే ఉన్నావు, ఒక్కసారి వెళ్ళి చూడలేదా అమ్మా" అని పోయిన ఆదివారం అడిగారు. ఎంత సిగ్గేసిందో. పైగా మ్యూజియంలోకి టికెట్ కూడా లేదు, పూర్తిగా ఉచితం.

ఇదిగో 24వ నంబర్ బస్సు వచ్చేసింది. ఇక్కడ కండక్టర్ ఉండడు, బ్యాంకు కార్డు ఆ పసుపు గుండ్రానికి తాకిస్తే చాలు. ఒక్క స్టాపు వెళ్ళినా, ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళినా ఒకటే చార్జీ, రెండు పౌండ్ల లోపే, దాదాపు 200 రూపాయలు. ఆ డబ్బుతో తెనాలి నుంచి గుంటూరు వెళ్ళొచ్చినా ఇంకా మిగులుతాయి. ఒక గంట లోపు ఇంకో బస్సు ఎక్కితే మళ్ళీ డబ్బు తీసుకోరు, అది మాత్రం నాకు చాలా నచ్చుతుంది. పైఅంతస్తులో ముందు సీటు ఖాళీగా ఉంది. కెమెరా ఇలా పెడతాను, మీరూ రోడ్డు చూడండి.

ఇది కేమ్డెన్ టౌన్. ఇక్కడికి రాగానే నాకు ఒకావిడ గుర్తొస్తుంది, ఆవిడ గురించి చెప్పకుండా ఈ రోడ్డు దాటలేను. బుచి ఎమెచెటా అని నైజీరియా రచయిత్రి. పోయిన చలికాలం మా పేట లైబ్రరీలో బాబు బొమ్మల పుస్తకాలు తిరిగి ఇస్తుంటే, పక్క బల్ల మీద ఆవిడ నవల 'సెకండ్ క్లాస్ సిటిజెన్' కనిపించింది. పేరు చూసి తీసుకున్నాను. లైబ్రరీ కార్డుకి పైసా కట్టక్కర్లేదు, మూడు వారాలు ఉంచుకోవచ్చు. నేను రెండు రాత్రుల్లో చదివేశాను, తర్వాత 9.99 పౌండ్లు పెట్టి సొంతంగా కొనుక్కున్నాను. 1,150 రూపాయలు. మా ఆయన కూడా ఏమీ అనలేదు, ఎందుకంటే నేను చదువుతూ ఏడవడం ఆయన చూశారు.

ఆవిడ 1944లో లాగోస్‌లో పుట్టింది, నైజీరియాలోని ఇగ్బో అనే జాతి వాళ్ళు. నాన్న రైల్వేలో పనిచేసేవాడు, ఆవిడ చిన్నప్పుడే పోయాడు. ఆ నవల కథ దాదాపు ఆవిడ సొంత కథే. అందులో అమ్మాయి పేరు ఆదా. హైస్కూలు పరీక్షకి కట్టడానికి రెండు షిల్లింగులు, అంటే అప్పటి నాణేలు, కావాలి, ఇచ్చేవాళ్ళు లేరు. మాంసం తెమ్మని ఇంట్లో వాళ్ళిచ్చిన డబ్బు దాచేసుకుని, పారేసుకున్నానని చెప్తుంది. బెత్తంతో వందకి పైగా దెబ్బలు తింటుంది, అయినా నిజం చెప్పదు. పరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటుంది. ఆ పేజీ చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మూడో తరగతిలో బడి మాన్పించారని ఎనభై ఏళ్ళప్పుడు కూడా చెప్పుకుని బాధపడేది.

బుచికి పదహారేళ్ళకే పెళ్ళి. భర్త చదువుకోవడానికి లండన్ వచ్చాడు, 1962లో ఆవిడ ఇద్దరు పసిపిల్లలతో వచ్చి కలిసింది. అప్పట్లో చాలామంది నల్లవాళ్ళకి ఇల్లు అద్దెకి ఇచ్చేవారు కాదు, 'రంగువాళ్ళకి లేదు' అని కిటికీలకి బోర్డులు పెట్టేవారు. నవలలో ఆదా ఇల్లు అడగడానికి ఫోన్ చేసేటప్పుడు, తన యాస తెలియకూడదని ముక్కు పట్టుకుని మాట్లాడుతుంది. ఫోన్‌లో సరేనన్న ఇంటావిడ, తలుపు తీసి వీళ్ళ మొహాలు చూడగానే ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశానంటుంది. మేము వచ్చిన కొత్తలో ఒక ఇంటి విషయంలో నాకూ టెన్షన్ పడిన రోజులున్నాయి, వాసన వచ్చే వంటలు చేస్తారా అని ఒకాయన మొహం మీదే అడిగాడు. కానీ ఆవిడ పడినదాని ముందు అది లెక్కలోకే రాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆవిడ పిల్లల్ని చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, మొదటి నవల రాసింది. పేరు 'ది బ్రైడ్ ప్రైస్'. మనకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు, కన్యాశుల్కమే. మగపెళ్ళివారు ఆడపిల్ల తరఫువాళ్ళకి ఇచ్చే సొమ్ము. అందులో అమ్మాయి పేరు అకు-న్నా, అంటే నాన్న సంపద అని అర్థం. ఆ రాతప్రతిని భర్త తగలబెట్టేశాడు. ఉన్నది ఆ ఒక్క ప్రతే. నేను ఈ మాట చెప్తుంటే ఇప్పటికీ నా గొంతు మారిపోతుంది. ఇరవై రెండేళ్ళకి ఆవిడ, ఐదో బిడ్డ కడుపులో ఉండగా, నలుగురు పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోంచి వచ్చేసింది. ఇరవై రెండేళ్ళకి నేను హైదరాబాద్ హాస్టల్లో ఉండి, అన్నం బాగాలేదని అమ్మకి ఫోన్ చేసేదాన్ని.

ఇవి చూడండి, ఈ ఇటుక రంగు ఫ్లాట్లు. వీటిని కౌన్సిల్ ఫ్లాట్లు అంటారు, స్థానిక ప్రభుత్వం కట్టి తక్కువ అద్దెకి ఇచ్చేవి. కొన్నాళ్ళు ఆవిడ ఇలాంటి ఇంట్లోనే, తడి గోడల మధ్య, ప్రభుత్వం ఇచ్చే భత్యం మీద బతికింది. ఆ రోజుల గురించి రాసినవి 'న్యూ స్టేట్స్‌మన్' పత్రికలో వచ్చాయి, 1972లో 'ఇన్ ది డిచ్' పేరుతో పుస్తకమయ్యాయి. లండన్ యూనివర్సిటీ నుంచి సోషియాలజీ డిగ్రీ కూడా తెచ్చుకుంది. కాలిపోయిన నవలని మళ్ళీ మొదటినుంచి రాసి 1976లో అచ్చు వేయించింది. 1979లో 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' వచ్చింది, పేరులో సంతోషం ఉంది గానీ కథలో ఆ తల్లికి దక్కిన సంతోషం తక్కువ. మా అక్కకి అది పంపించాను, ఇంకా మొదలుపెట్టలేదట. అక్కా, వింటున్నావా?

'సెకండ్ క్లాస్ సిటిజెన్' మొదటి పేజీలో అంకితం పిల్లలకే. వాళ్ళు చుట్టూ చేసే తియ్యటి అల్లరే లేకపోతే ఈ పుస్తకమే లేదని రాసుకుంది. ఐదుగురు పిల్లల గోలని తియ్యనిది అనడం నాకు మొదట అర్థం కాలేదు. మా పిల్లలిద్దరూ పడుకున్నాక, రాత్రి పదింటికి వంటగదిలో ఈ వీడియోలు ఎడిట్ చేసుకునేటప్పుడు, ఆ నిశ్శబ్దంలో అర్థమైంది. నిజం చెప్పాలంటే ఇక్కడ సాయంత్రం ఐదు తర్వాత వీధిలో మనిషి గొంతు వినపడదు.

దిగాలి, దిగాలి. మాటల్లో పడి ఒక స్టాపు దాటేశాను.

మ్యూజియం లోపలికి వచ్చేశాను. ఈ గాజు పైకప్పు కింద, నడి మధ్యలో గుండ్రంగా కనిపిస్తున్నదే పాత రీడింగ్ రూమ్, 1857 నాటిది. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ వేరేచోట ఉంది గానీ, 1960ల్లో అది ఈ మ్యూజియంలో భాగమే. 1965 నుంచి 1969 వరకూ బుచి ఎమెచెటా ఇక్కడ లైబ్రరీ ఆఫీసర్‌గా పనిచేసింది. నేను నాన్న కోసం వచ్చిన మ్యూజియమూ, ఆవిడ రోజూ ఉద్యోగానికి వచ్చిన మ్యూజియమూ ఒకటేనని పోయిన ఆదివారమే తట్టింది, అప్పట్నుంచీ ఎప్పుడెప్పుడు వస్తానా అని ఉంది.

అమరావతి రాళ్ళున్న 33ఏ గది ఇదే. నాన్నా, చూడండి. పలనాటి సున్నపురాయి, దగ్గరికెళ్తే తెల్లగా, కొంచెం పచ్చగా ఉంది. తామరపూలు, పూర్ణకుంభం, ఆ అంచున దండ మోస్తున్న పొట్టి మనుషులు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసు పంపించాడు, అక్కడ్నుంచి ఓడలో ఇక్కడికి. మన కృష్ణ ఒడ్డున ఉండాల్సినవి ఇక్కడ గాజు గోడల మధ్య, కొలిచి పెట్టిన చలిలో ఉన్నాయి. చూస్తే గర్వంగానూ ఉంది, పుట్టింటి వస్తువు వేరేవాళ్ళ షోకేసులో చూసినట్టు కడుపులో బాధగానూ ఉంది. పక్కన నిలబడ్డ ముసలావిడకి ఇవి మా ప్రాంతానివి అని చెప్పాను. ఆవిడ నవ్వి, ఎంత దూరం అని అడిగింది. మా ఇంటి నుంచి బండి మీద గంటన్నర అని చెప్పాక గానీ, నేను తెనాలి ఇంటి లెక్క చెప్పానని నాకు తెలియలేదు.

రెండున్నర అయింది, మూడుంబావుకి బాబు స్కూలు. తిరుగు బస్సులో ఉన్నాను, ఇంకొక్కటి చెప్పేస్తాను.

నవలలో ఆదాకి ఒక ముద్దుపేరు ఉంటుంది, 'న్నె న్నా'. ఇగ్బోలో నాన్నకి అమ్మ అని అర్థం. నాన్న తల్లే మళ్ళీ పుట్టిందని వాళ్ళ నమ్మకం. అక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. నా పేరు వెంకట సీతారావమ్మ, మా నాయనమ్మ పేరు. పాస్‌పోర్టులో ముందు ఉన్నది 'వెంకట' కాబట్టి ఇక్కడ అందరికీ నేను వెంకటనే, క్లినిక్‌లో అలా పిలిస్తే మొదట్లో పక్కవాళ్ళ వైపు చూసేదాన్ని. నవల చివర్లో ఆదా కోర్టులో నిలబడుతుంది. పెళ్ళే కాలేదంటాడు భర్త. పిల్లలు నావాళ్ళు, నాకు చాలు అంటుంది. అంతా అయిపోయాక రోడ్డు మీద ఎవరో 'న్నె న్నా' అని పిలుస్తారు. ఊళ్ళో చిన్నప్పటి స్నేహితుడు. ఆవిడ ఇంకా భర్త దగ్గరే ఉందనుకుని ఇంటికి పంపడానికి టాక్సీ డబ్బులు ఇస్తాడు. కేమ్డెన్ టౌన్ నుంచి. ఇదిగో, ఇప్పుడు మన బస్సు ఆగి ఉన్నది కేమ్డెన్ టౌన్‌లోనే.

బుచి ఎమెచెటా 2005లో ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు అందుకుంది, 2017 జనవరిలో లండన్‌లోనే కన్నుమూసింది.

ఇంటికొచ్చేశాం. రాళ్ళ క్లిప్పు నాన్నకి పంపాను, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటింది, పడుకునే ఉంటారనుకున్నాను. వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టారు, వినిపిస్తాను ఉండండి. "చూశానమ్మా. పూర్ణకుంభం దగ్గర ఇంకాసేపు ఆగాల్సింది. చెవులకి ఏదన్నా కట్టుకో అమ్మా, గాలి హోరు వినపడుతోంది."

పాప స్టూలెక్కి పప్పు గిన్నె దగ్గరికి వెళ్ళిపోయింది, ఉంటానండీ.