స్టేషన్ గేటు దగ్గర నగరాన్ని చదవడం

సభకు నమస్కారం.

ఒక మెట్రో స్టేషన్ గేట్ల గుండా పనిదినాన గంటగంటకూ ఎంతమంది లోపలికి వెళ్లారో, ఎంతమంది బయటికి వచ్చారో లెక్క చేతికిస్తే, ఆ స్టేషన్ పేరు తెలియకపోయినా దాని చుట్టూ ఉన్న నేలను దేనికి వాడుతున్నారో చాలావరకు చెప్పవచ్చు. ఉదయం లోపలికి వెళ్లేవారు, సాయంత్రం బయటికి వచ్చేవారు ఎక్కువైతే అది ఇళ్ల ప్రాంతం. ఇది తలకిందులైతే ఆఫీసుల ప్రాంతం. ఉదయం దిగినవాళ్లు మధ్యాహ్నం నుంచే తిరుగుముఖం పట్టి, సెలవుల నెలల్లో బొత్తిగా కనిపించకుండా పోతే అక్కడ విద్యాసంస్థ ఉందనుకోవాలి. పొద్దున పలచగా ఉండి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, ముఖ్యంగా వారాంతాల్లో రద్దీ పెరిగితే అక్కడ దుకాణాలూ వినోదశాలలూ ఉంటాయి. స్మార్ట్ కార్డులు వచ్చాక ఈ లెక్క రోజూ దానంతటదే పోగవుతోంది. ఇంటింటికీ తిరిగి సర్వే చేస్తే కొన్నేళ్లకు ఒకసారి తెలిసే సంగతిని గేటు ప్రతి పూటా నమోదు చేస్తుంది.

అయితే గేటు చెప్పేది ఇప్పుడున్న నేల సంగతి. రేపు అక్కడ ఏం వస్తుందో చెప్పాలంటే, రైలు నేలను మార్చే తీరు తెలియాలి.

నడకే ఆధారమైన కాలంలో నగరం నడిచి చేరగలిగినంత మేరే ఉండేది. 1863లో లండన్‌లో తొలి భూగర్భ రైలు నడిచాక ఆ హద్దు చెరిగిపోవడం మొదలైంది. ఆ రైలును నడిపిన కంపెనీయే 1919లో ఇళ్ల స్థలాల వ్యాపారానికి వేరే సంస్థను పెట్టి, తన మార్గం వెంట కాలనీలు కట్టించి అమ్మింది. జపాన్‌లో కొబయాషి ఇచిజో 1910లోనే ఒసాకా శివార్లకు రైలు మార్గం వేస్తూ, దాని పక్కన ఇళ్లను వాయిదాల మీద అమ్మాడు. తరవాత ఒక కొసన వినోద కేంద్రం, మరో కొసన డిపార్ట్‌మెంట్ స్టోరు పెట్టి, రైలు ఏ వేళా, ఏ దిక్కుకూ ఖాళీగా పోకుండా చూసుకున్నాడు. నేలను ఎలా వాడితే గేటు దగ్గర ఎలాంటి రద్దీ పుడుతుందో ఆయన సిద్ధాంతాలేవీ లేకుండానే గ్రహించాడని నా అభిప్రాయం.

సిద్ధాంతం వేరే దారిన వచ్చింది. మార్కెట్టుకు దూరమయ్యే కొద్దీ పొలం కౌలు ఎలా తగ్గుతుందో 1826లో జర్మన్ భూస్వామి ఫాన్ ట్యూనెన్ వివరించాడు. ఆ తర్కాన్ని 1964లో విలియం అలోన్సో నగరానికి అన్వయించాడు. వారి లెక్క ప్రకారం నేల విలువ కేంద్రం చుట్టూ వలయాలుగా తగ్గాలి. రైలు వచ్చిందంటే దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలవాలి. అప్పుడు వలయాలు చెదిరి, మార్గాల వెంట వేళ్లలా సాగుతాయి. 1947లో కోపెన్‌హాగెన్ ప్రణాళికకర్తలు సరిగ్గా ఈ రూపాన్నే ఎంచుకున్నారు: అరచేయి పాత నగరం, వేళ్లు రైలు మార్గాల వెంట కట్టడాలు, వేళ్ల సందుల్లో పచ్చదనం.

1959లో వాల్టర్ హాన్సెన్ దీన్ని కొలిచే మార్గం చూపించాడు. ఒక చోటి నుంచి చేరగల ఉద్యోగాలను, దుకాణాలను ప్రయాణ కష్టానికి తగ్గట్టు తగ్గించి కూడితే ఆ చోటి ‘చేరువ’ ఎంతో తెలుస్తుంది. చేరువతోపాటు ఖాళీ నేల కూడా ఉన్నచోట జనం ముందుగా స్థిరపడతారు. పిట్స్‌బర్గ్ కోసం ఐరా లౌరీ 1964లో రూపొందించిన నమూనాలో మూల ఉద్యోగాలు, అంటే స్థానికుల కొనుగోళ్ల మీద ఆధారపడని ఫ్యాక్టరీల వంటి చోట్ల ఉద్యోగాలు, ఇళ్లను రప్పిస్తాయి, ఇళ్లు దుకాణాలను రప్పిస్తాయి, దుకాణాల్లోని ఉద్యోగాలు మళ్లీ ఇళ్లను రప్పిస్తాయి. లెక్క నిలకడకు వచ్చేదాకా ఈ చక్రం తిప్పుతారు. నేటి నమూనాలెన్నో దీని వారసులే.

ఇక్కడ జాగ్రత్త అవసరం. రైలు వచ్చిన చోట భవనాలు లేచాయంటే, రైలే వాటిని లేపిందని కాదు. ఎదుగుతాయనుకున్న చోట్లకే మార్గం వేసి ఉండవచ్చు. పైగా మార్గం ప్రకటించిన రోజునుంచే ధరలు కదులుతాయి కాబట్టి, రైలు నడిచిన నాటినుంచి ‘ముందు, తరవాత’ అని కొలిచేవారు మార్పులో కొంత పోగొట్టుకుంటారు.

అంతకంటే పెద్ద సంగతి, అక్కడ ఏం కట్టవచ్చో తేల్చే అనుమతి. వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో, రహదారి మధ్యలో చవకగా పోవలసిన మెట్రోను స్థానిక ప్రభుత్వం పట్టుబట్టి పాత వాణిజ్య వీధి కిందికి మళ్లించుకుంది. స్టేషన్ల దగ్గర ఎత్తయిన భవనాలను అనుమతించి, దూరమయ్యే కొద్దీ ఎత్తు తగ్గించింది. 1979లో ఆ మార్గం తెరుచుకున్నాక ఆ వీధి రూపమే మారిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో మొదలైన బార్ట్ అనే రైలు వ్యవస్థలో అనేక శివారు స్టేషన్ల చుట్టూ దశాబ్దాలపాటు మిగిలింది కార్ల పార్కింగే. రైలు వేగంలో కాదు, నేల మీది నిబంధనల్లోనే తేడా. హాంకాంగ్‌లో రైల్వే సంస్థ చేతికే స్టేషన్ల పైన కట్టుకునే హక్కు వస్తుంది, అదీ రైలు రాకముందు నాటి ధరకు. జోస్యం చెప్పేవాడూ దాన్ని నిజం చేసేవాడూ ఒకరే అయినచోట అంచనా తప్పడం కష్టం.

గేటు లెక్కకూ పరిమితులున్నాయి. న్యూయార్క్‌లోలాగా లోపలికి వెళ్లేటప్పుడే కార్డు చూపించే వ్యవస్థల్లో ప్రయాణికుడు ఎక్కడ దిగాడో నమోదు కాదు. అదే కార్డు తరవాత ఎక్కడ కనిపించిందో చూసి ఊహించాలి. ఇళ్లూ ఆఫీసులూ కలిసిన చోట రెండు పూటల రద్దీ ఒకదాన్నొకటి కప్పేస్తుంది.

అయినా ఒక పనిలో గేటును మించినది లేదని నేననుకుంటాను. ఇళ్ల ప్రాంతంగా నమోదైన స్టేషన్లో ఉదయం దిగేవారి సంఖ్య ఏడాదికేడాది కొద్దికొద్దిగా పెరుగుతుంటే, అక్కడి ఇళ్లలో కొన్ని ఆఫీసులుగా మారుతున్నాయేమో చూడాలి. భూమి రికార్డుల్లో అవి ఇంకా ఇళ్లుగానే ఉంటాయి.