విమానం దిగాక అసలు బేరం

అందరికీ నమస్కారం.

విమానం టికెట్ కొనడంలో మనవాళ్లు గట్టివాళ్లే. నెల ముందు నుంచీ ఫోన్లో రేట్లు చూసుకుంటూ, మంగళవారం తక్కువా బుధవారం తక్కువా అని ఇంటిల్లిపాదీ చర్చించుకుని, మనిషికి నాలుగు వందలు మిగిల్చామని సంబరపడతాం. తీరా ఆ ఊళ్లో దిగి, లగేజీ బెల్టు దగ్గర నిలబడ్డాక, ఇప్పుడు హోటల్‌కి ఎలా పోదాం అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. మిగిల్చిన డబ్బు పావుగంటలో అక్కడే అయిపోతుంది.

నాకు జరిగింది చెప్తాను. ఆ మధ్య నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, మా అమ్మా బెంగళూరు వెళ్లాం. మాది గుంటూరు, బ్రాడీపేట. వారధి మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందోనన్న భయంతో గన్నవరం ఎయిర్‌పోర్ట్‌కి మూడు గంటల ముందే బయల్దేరాం, అంత జాగ్రత్త. బెంగళూరులో టాక్సీ కోసం వెతుక్కోవాల్సిన పని లేకుండా ముందే ఒక కారు బుక్ చేసి, డబ్బు కూడా కట్టేశాను. విమానం రెండు గంటలు ఆలస్యం. మేం బయటికొచ్చేసరికి కారు లేదు, డబ్బూ వెనక్కి రాలేదు. తర్వాత షరతులు చదివితే తెలిసింది, ఉచితంగా ఆగే టైమును వాళ్లు మనం దిగిన దగ్గర నుంచి కాదు, మనం బుక్ చేసిన టైము నుంచి లెక్కేస్తారట. అప్పటికప్పుడు ఇంకో టాక్సీ మాట్లాడుకున్నాం, ఖర్చు తడిసి మోపెడైంది. అందుకని కారు ముందే బుక్ చేసేవాళ్లు ఒక్కటి చూసుకోండి, బుకింగులో విమానం నంబరు అడుగుతున్నారా, విమానం లేటైతే కారూ లేటుగా వస్తుందా అని. ఆ మాట స్పష్టంగా రాసి లేకపోతే ఆ బుకింగ్ మీద నాకైతే నమ్మకం లేదు.

ఇంకా ఏడుపేమిటంటే, మేం టాక్సీ వాడితో బేరమాడుతున్న చోటికి కొంచెం దూరంలోనే వాయు వజ్ర బస్సులు నిలబడి ఉన్నాయి. బెంగళూరు సిటీ బస్సుల సంస్థ విమానాశ్రయం కోసమే నడిపే ఏసీ బస్సులవి, సామాను పెట్టుకోవడానికి లోపల చోటుంటుంది. దేవనహళ్లి దగ్గరున్న ఆ ఎయిర్‌పోర్ట్ ఊరి నడిబొడ్డున్న మెజెస్టిక్ బస్టాండు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. కేఐఏ 9 నంబరు బస్సెక్కితే మెజెస్టిక్‌లో దింపుతుంది, అక్కడి నుంచి మెట్రో ఉంది. మేమేమో బస్సు వంక చూడనన్నా చూడలేదు.

అయితే బస్సే మంచిది, టాక్సీ దండగ అని నేననను. ఐదుగురం ఉన్నాం కాబట్టి ఐదు బస్సు టికెట్లు, అక్కడి నుంచి హోటల్‌కి ఆటో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో రెండుసార్లు ఎక్కి దిగడం, ఇవన్నీ కలుపుకుంటే కారుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. ఒక్కరో ఇద్దరో అయితే మాత్రం బస్సుకో రైలుకో తిరుగు లేదు. ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఏ వేళ దిగుతున్నాం, హోటల్ ఎక్కడ, ఈ నాలుగూ తెలియకుండా ఏది చవకో ఎవరూ చెప్పలేరు.

చెన్నై సంగతి చూడండి. పినాకిని రైలు ఉండగా చెన్నైకి విమానం ఎందుకండీ అంటారు గానీ వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. అక్కడ ఎయిర్‌పోర్ట్‌లోకే మెట్రో వస్తుంది, 2016 నుంచీ ఉంది, నేరుగా సెంట్రల్‌కి తీసుకెళ్తుంది. కానీ మీరు వెళ్లేది పట్టుచీరలకీ బంగారానికీ, దిగేది టీ నగర్‌లో అనుకోండి, అప్పుడు మెట్రో కంటే లోకల్ రైలు మేలు. ఎయిర్‌పోర్ట్ ఎదురుగా రోడ్డు దాటితే తిరుశూలం స్టేషన్. అక్కడ లోకల్ ఎక్కి మాంబళంలో దిగితే రంగనాథన్ వీధి పక్కనే. ఆ లోకల్‌కి టికెట్ ఒక టీ ఖర్చు. ఆఫీసుల వేళల్లో మాత్రం పెట్టెలతో ఎక్కకండి, నలిగిపోతారు.

హైదరాబాద్ మెట్రో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా పోదు, అక్కడ పుష్పక్ బస్సులే దిక్కు. మన దగ్గర చాలామంది విదేశం వెళ్లే విమానం కోసం బెజవాడలో రాత్రి బస్సెక్కుతారు కదా, ఆ బస్సు ఎల్‌బీ నగర్ మీదుగానే వెళ్తుంది కాబట్టి అక్కడే దిగి ఎయిర్‌పోర్ట్ బస్సు పట్టుకోవచ్చు. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం ఎందుకు?

ఇక పాసులు. రోజంతా ఎన్నిసార్లైనా తిరగొచ్చు అనే మాట వినగానే మనకు అరిటాకులో అన్‌లిమిటెడ్ భోజనం గుర్తొస్తుంది. ఎన్నిసార్లైనా వడ్డిస్తారు సరే, మనం తినగలిగేది ఎంత? ఢిల్లీ మెట్రోలో టూరిస్ట్ కార్డు ఉంది. ఒక రోజుకి 200, మూడు రోజులకి 500, అందులో 50 రూపాయలు కార్డు తిరిగిచ్చాక వెనక్కిస్తారు. అంటే ఒక రోజుకి అసలు ఖర్చు 150. 2025 ఆగస్టులో చార్జీలు పెరిగాక 5 నుంచి 12 కిలోమీటర్ల ప్రయాణానికి 32, ఆపైన 21 కిలోమీటర్ల దాకా 43 రూపాయలు. మనవాళ్లు ఎక్కువగా దిగే కరోల్‌బాగ్ నుంచి కుతుబ్ మీనార్, అక్కడి నుంచి ఇండియా గేట్ వైపు, తర్వాత చాందినీ చౌక్, రాత్రికి మళ్లీ కరోల్‌బాగ్, ఇవి నాలుగు ప్రయాణాలు. చాందినీ చౌక్ నుంచి ఎర్రకోటకి నడిచే వెళ్తారు. మొత్తం కలిపితే దాదాపు ఆ 150 దగ్గరే తేలుతుంది. మామూలు స్మార్ట్ కార్డు తీసుకుంటే ప్రతి ప్రయాణానికీ 10 శాతం తగ్గింపు, వాడకపోతే డబ్బు కార్డులోనే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో రోజుకి ఐదారుసార్లు మెట్రో ఎక్కడం కాగితం మీదే జరుగుతుంది, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఏసీ గది ఎక్కడుందా అని చూస్తారు. మూడు రోజుల కార్డు లెక్కా అంతే. 450ని మూడు రోజులకి పంచితే రోజుకి 150 కాబట్టి అందులోనూ ప్రత్యేకంగా లాభమేమీ లేదు, ప్రతిసారీ లైన్లో నిలబడే బాధ తప్పుతుంది, అంతే. ఆ బాధ తప్పడానికే కొంటానంటే కొనుక్కోండి, తప్పేం లేదు.

పాసు కొనేముందు ఇంకోటి అడగాలి, రోజు అంటే ఏమిటి అని. నవ్వకండి. కొన్నిచోట్ల రోజంటే మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలు, కొన్నిచోట్ల ఆ తేదీ ముగిసేదాకానే. సింగపూర్ టూరిస్ట్ పాస్ రెండో రకం, రాత్రి ఎనిమిదింటికి దిగి ఉత్సాహంగా కొంటే గంటల్లో ఒక రోజు ఖర్చయిపోతుంది. పారిస్‌లో వారం పాసు ఇంకా విచిత్రం, అది సోమవారం మొదలై ఆదివారంతో సరి. గురువారం దిగినవాడు కొంటే నాలుగు రోజులకే చెల్లుతుంది, డబ్బు మాత్రం ఏడు రోజులది.

సింగపూర్ మనకు మరీ పరాయి ఊరేం కాదు, గన్నవరం నుంచి నేరుగా విమానం 2018 డిసెంబరులోనే మొదటిసారి ఎగిరింది. అక్కడా లండన్‌లోనూ ఇప్పుడు పాసు లేకపోయినా మన బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకించి లోపలికి వెళ్లొచ్చు. లండన్‌లో అయితే రోజుకి ఇంతకు మించి తీసుకోరని ఒక హద్దు పెట్టారు, ఎన్నిసార్లు తిరిగినా ఆ హద్దు దగ్గర ఆగిపోతుంది, అంటే పాసు కొనకుండానే పాసు కొన్నట్టే. కాకపోతే రోజంతా అదే కార్డు తాకించాలి. పొద్దున కార్డు, సాయంత్రం ఫోను అంటే ఇద్దరు మనుషుల కింద లెక్క. భార్యాభర్తలు ఒకే కార్డు మీద వెళ్లడమూ కుదరదు, ఎవరి కార్డు వాళ్లకే.

ఇక్కడ మా బావగారు బోల్తా పడ్డారు. సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ గేటు దగ్గర కార్డు ఎన్నిసార్లు తాకించినా తలుపు తెరుచుకోలేదు, వెనక జనం, ఒకటే టెన్షన్. కార్డు బాగానే ఉంది, విదేశాల్లో వాడకం ఆన్ చేయలేదు. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు మొదట దేశం లోపలే పనిచేస్తాయి. విదేశీ వాడకం, తాకించి చెల్లించడం, ఈ రెండూ బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఆ పని ఇంట్లోనే కానివ్వండి. సింగపూర్‌లో బయటి దేశాల కార్డుకి రోజుకి 60 సెంట్ల రుసుము కూడా ఉంది, పైన మన బ్యాంకు వేసేది వేరు.

ఆడవాళ్లకు ఒక మాట. మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా అని హైదరాబాద్‌లో ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతాడు, అక్కడి పథకం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకి. కర్ణాటకలోనూ అంతే. చెన్నైలో మాత్రం ముందూ వెనకా గులాబీ రంగు వేసిన బస్సెక్కితే, మా అమ్మని ఏ కార్డూ అడగకుండానే సున్నా టికెట్ చేతిలో పెట్టారు. ఆ తర్వాత అమ్మకి నేను బస్సు టికెట్ కొననేలేదు. అదే ముందు తెలిసుంటే మా ఆవిడకీ కొనకపోదును, మొదటి రోజు ఏసీ బస్సెక్కించి డబ్బు కట్టాను.

తిరుగు ప్రయాణంలో చాలామంది మర్చిపోయేది డిపాజిట్. ఢిల్లీ కార్డు ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే ముందే కౌంటర్లో ఇచ్చేయండి. తెల్లవారుజామున విమానమైతే ముందు రోజు రాత్రే ఇవ్వండి, ఆ వేళకి మెట్రో ఉండదు, హోటల్ దగ్గర కారు ముందే మాట్లాడుకోవాల్సిందే. నా కార్డు మాత్రం ఇంకా మా బీరువాలోనే ఉంది, ఈసారి ఢిల్లీ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఇచ్చి పంపుతాను.

నమస్కారం.