బంతి బయటకెళ్లిందా, లేదా? ఎక్కడి నుంచి చూశారు మరి!

(తెరపై: సిరిమాను జాతర. మూడు లాంతర్ల దగ్గర జనం.)

నమస్కారం. కెమెరా యాంగిల్ అంటే ఏమిటో విజయనగరం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సిరిమాను రోజు రోడ్డు మీద నిలబడితే మనకి కనిపించేది ముందువాడి తల, వాడి భుజాల మీద పిల్లాడు, ఆ పైన ఊగుతూ పోయే మాను కొస. అదే ఎవరిదైనా మేడ ఎక్కితే ఊరేగింపులోని జాలరి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం, సిరిమాను అన్నీ ఒకే చూపులో పడతాయి. అందుకే ఆ వారం మేడ ఉన్నవాళ్లకి చుట్టాలు ఎక్కువ.

టీవీలో ఫుట్‌బాల్ మనం చాలావరకు ఒకే మేడ మీంచి చూస్తాం. మధ్యగీతకి ఎదురుగా, స్టాండులో ఎత్తున పెట్టిన కెమెరా అది. బంతి ఎటు పోతే అటు తిరుగుతుంది.

(తెరపై: మైదానం బొమ్మ. పొడవు 105 మీటర్లు, వెడల్పు 68.)

పొడవు బాగా తెలుస్తుంది. ఎవరు ఎంత ముందుకొచ్చారో చెప్పేయొచ్చు. వెడల్పే నలిగిపోతుంది. "అంత ఖాళీగా ఉన్నాడు, వాడికి ఇవ్వొచ్చు కదా!" అని మనం టీవీని తిట్టేది అందుకే. గోల్ వెనక ఎత్తు నుంచి చూడండి. పాస్ వెళ్లాల్సిన సందులో డిఫెండర్ నిలబడే ఉంటాడు.

ఇంకొకటి టాక్టికల్ కెమెరా. జూమ్ చెయ్యదు, ఆటగాళ్లందర్నీ ఫ్రేములోనే ఉంచుతుంది. మనుషులు చీమల్లా కనిపిస్తారు, మొదటి పది నిమిషాలు నిద్రొస్తుంది. కోచ్‌లకి పనికొచ్చేది మాత్రం ఇదే. ఫలితం తెలిశాక రెండోసారి చూసేటప్పుడు నాకూ ఇదే ఇష్టం.

(తెరపై: బంతి, తెల్లగీత. పక్క నుంచి, తర్వాత నిట్టనిలువుగా పైనుంచి.)

ఇప్పుడు అసలు గొడవ. 2022 వరల్డ్ కప్, జపాన్, స్పెయిన్ మ్యాచ్. మనకి అర్ధరాత్రి దాటింది. గోల్ పక్కన గీత దగ్గర జపాన్ ఆటగాడు మితోమా బంతిని వెనక్కి లాగాడు, తనాకా గోల్ చేశాడు. మా మావయ్య లేచి నిలబడిపోయాడు. "బంతి బయటకెళ్లిపోనాది కదరా, గోల్ ఏటి?"

టీవీలో చూపించిన యాంగిల్లో నిజంగానే గీతకీ బంతికీ మధ్య పచ్చగడ్డి కనిపించింది. కానీ రూల్ ప్రకారం బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటాలి. బంతి అడ్డకొలత సుమారు 22 సెంటీమీటర్లు. నేలకి తగిలేది అడుగున ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క గీత బయటి అంచుకి 10 సెంటీమీటర్ల అవతల ఉన్నా, బంతి పొట్ట ఇంకా గీత మీదే ఉంటుంది. అది నిట్టనిలువుగా పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. గోల్ ఇచ్చారు. జపాన్ 2-1తో గెలిచింది, దాంతో అదే గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటికెళ్లింది.

ఆఫ్‌సైడ్‌కీ, అంటే పాస్ ఇచ్చే క్షణానికి ఎదుటి జట్టు డిఫెండర్లని దాటి ముందున్నాడా లేదా అని తేల్చడానికీ, ఇదే తిప్పలు. డిఫెండర్‌తో సమానంగా, సరిగ్గా అదే వరసలో కెమెరా లేకపోతే కాస్త ముందున్నవాడు వెనకున్నట్టు కనిపిస్తాడు. అందుకే ఆ వరల్డ్ కప్‌లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు పెట్టి, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లని సెకనుకి 50 సార్లు కొలిచారు.

తీగల మీద వేలాడుతూ తిరిగే కెమెరా సంగతీ చెప్పాలి. మైదానం మీద ఎగురుతున్నట్టు ఉంటుంది, కానీ దూరాలు తెలియవు. ఫ్రీకిక్‌కి బాగుంటుంది, మ్యాచ్ అంతా అంటే నాకు తల తిరుగుతుంది. అయితే 2017 అక్టోబర్‌లో అమెరికాలో, చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ల ఫుట్‌బాల్‌లో, పొగమంచుకి స్టాండు కెమెరాలకి ఏమీ కనిపించకపోతే మ్యాచ్‌ని కాపాడింది ఇదే.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. ముగ్గుతో గీత గియ్యండి, దాని అవతలి అంచుకి కాస్త అవతల బంతి పెట్టండి. ఒక ఫోన్ పక్క నుంచి, ఒకటి పైనుంచి.

(తెరపై: రెండు ఫోటోలు పక్కపక్కన. ఒకదాంట్లో బంతి బయట, ఇంకోదాంట్లో గీత మీద.)

మావయ్యకి రెండూ చూపించాను. "ఆ రెండో ఫోనులో ఏటో తేడా ఉంది" అన్నాడు.