ఐస్ పెట్టెలో పేగు: గడియారంతో పరుగు

[తెరపై: హైదరాబాద్ మెట్రో]

2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా ఒక మెట్రో రైలు మధ్యలో ఎక్కడా ఆగకుండా గుండెను మోసుకెళ్లింది, గుర్తుందా? ఆ రోజు అందరం టెన్షన్ పడ్డాం. అంతే టెన్షన్ పెట్టే అవయవం ఇంకొకటి ఉంది. చిన్న పేగు.

దానంగా వచ్చిన కిడ్నీ ఐస్ పెట్టెలో ఒక రోజు దాకా ఆగగలదు. లివర్ 12 గంటలు ఆగుతుంది. పేగునైతే 6 గంటల్లోపే అమర్చాలని సర్జన్లు చూస్తారు, 10 గంటలు దాటనివ్వరు. ఎందుకంత తొందర?

[తెరపై: కణం బొమ్మ]

ఒంటి వేడి 37 డిగ్రీలు. దాన్ని 4 డిగ్రీలకు దించితే కణాల ఆకలి దాదాపు పదో వంతుకు పడిపోతుంది. రక్తం అందకపోయినా కొన్ని గంటలు బతుకుతాయి. కానీ ఆ చలికే సోడియంను బయటికి తోడే పంపు కూడా ఆగిపోతుంది. సోడియం లోపలికి చేరుతుంది, దాని వెంటే నీళ్లు. కణం నానబెట్టిన శనగలా ఉబ్బుతుంది.

దీనికి విరుగుడుగా 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ ఒక ద్రావణం తయారుచేశారు. అందులో రాఫినోజ్ అనే చక్కెర ఉంటుంది. శనగల్లోనూ ఉండేదే! అది కణంలోకి దూరలేదు, అందుకే నీటిని బయటే పట్టి ఉంచుతుంది. ఈ ద్రావణాన్ని రక్తనాళాల్లోకి పంపి రక్తాన్ని కడిగేసి, అవయవాన్ని అందులోనే ముంచి, సంచి మీద సంచి వేసి ఐస్‌లో పెడతారు. ఐస్ నేరుగా తగలకూడదు, తగిలితే కణాలు గడ్డకట్టి చిట్లుతాయి.

[తెరపై: పేగు లోపలి గోడ]

అసలు చిక్కు ఇక్కడుంది. ద్రావణం వెళ్లేది రక్తనాళాల్లోకి. పేగు గొట్టంలో జీర్ణరసాలు, బ్యాక్టీరియా అలాగే ఉంటాయి. మాంసాన్ని అరిగించే ఎంజైములు ఇప్పుడు పేగు గోడనే తినడం మొదలుపెడతాయి. స్కూల్లో చదివిన ఆంత్ర చూషకాలు ఉన్నాయే, ముందు వాటి కొనల దగ్గర పొర లేస్తుంది. ఆ పొర పోతే బ్యాక్టీరియాకు రక్తంలోకి దారి దొరికినట్టే. పేగు అందుకునే మనిషేమో రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మందు మీద ఉంటారు. నన్ను బాగా భయపెట్టే విషయం ఇదే.

అందుకే పరిశోధకులు ఇప్పుడు పేగు గొట్టం లోపలికి కూడా రక్షణ ద్రావణం పోసి చూస్తున్నారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం కలిపిన ద్రావణం పోసినప్పుడు ఎలుకల పేగుల్లో లోపొర ఎక్కువసేపు నిలిచింది.

పేగు మెలిపడి చాలా భాగం తీసేయాల్సి వచ్చిన పిల్లలున్నారు. తిండంతా రక్తనాళంలోకి ఎక్కించుకుంటూ ఏళ్లు గడుపుతారు. వాళ్ల కోసమే ఈ ఆరాటమంతా.

[తెరపై: ఆపరేషన్ బల్ల]

కొత్త పేగును కుట్టాక, రక్తనాళాన్ని నొక్కిపట్టిన క్లాంపు తీయగానే పాలిపోయిన పేగులోకి రక్తం పారుతుంది. గులాబీ రంగు తిరిగొస్తుంది. కాసేపటికి అది మెల్లగా కదలడం మొదలుపెడుతుంది.